ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ వాచీలు ఇకపై ఆర్డరు మీదే

విజయనగరం గంటస్తంభం దగ్గర మా వాచీల షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

ఈ పెళ్లిళ్ల సీజను నుంచి షాపులో ఒక మార్పు చేస్తున్నాను. లక్ష నుంచి రెండున్నర లక్షల మధ్య పలికే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ వాచీలను, అంటే సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచే, స్టాప్‌వాచీ కలిపిన వాచీలను, ఇక అద్దాల బీరువాలో పేర్చి అమ్మను. కావాలన్నవారికి ఆర్డరు మీద తెప్పిస్తాను, అదీ కూర్చోబెట్టి కాసేపు మాట్లాడిన తరువాతే. "అంత డబ్బు పెట్టవచ్చా, పనికొస్తుందా?" అని అడిగేవారు ఈ మధ్య బాగా పెరిగారు. కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉండగా ఆ ప్రశ్నకు సగం జవాబే చెప్పగలను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా లాభం సంగతి. ఈ రకం వాచీ ఒక్కటి అమ్మితే నాకు మిగిలేది, రోజంతా సెల్లులు మార్చి బెల్టులు బిగిస్తే వచ్చేదానికి ఎన్నో రెట్లు. కానీ ఆ ఒక్కటి అమ్ముడుపోయేదాకా రెండు లక్షలు బీరువాలో కదలకుండా కూర్చుంటాయి. అదే డబ్బుతో ఒక్కోటి పది, పన్నెండు వేల రూపాయలుండే వాచీలు తెచ్చుకుంటే మాఘమాసం ముహూర్తాల్లోనే తిరిగి వచ్చేస్తుంది. కాబట్టి ఈ నిర్ణయం కేవలం మీ మేలు కోరి తీసుకున్నదని చెప్పను. సగం మీ కోసం, సగం నా వడ్డీ లెక్క కోసం.

క్రోనోగ్రాఫ్ అంటే స్టాప్‌వాచీ కలిపిన వాచీ. కీకి పైన ఒక బటను, కింద ఒక బటను ఉంటాయి. పైది నొక్కితే మధ్యలోని పొడవాటి సెకన్ల ముల్లు బయల్దేరుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కిందిది నొక్కితే టక్కున సున్నాకు వచ్చేస్తుంది. దీనికి సెల్లు లేకుండా, చేతి కదలికతోనే స్ప్రింగు చుట్టుకునే ఏర్పాటును జోడించడం వాచీ తయారీదారులకు చాలాకాలం కొరకరాని కొయ్యగానే ఉండేది. చివరికి 1969లో మూడు చోట్ల, ఇంచుమించు ఒకేసారి సాధ్యమైంది. జపాన్‌లో సీకో, స్విట్జర్లాండ్‌లో జెనిత్, మూడోది హోయర్, బ్రైట్లింగ్, హామిల్టన్‌లు కలిసిన కూటమి. ముగ్గురిలో ఎవరు ముందు అన్నది వాచీల పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ తెగని వాదనగా సాగిస్తూనే ఉంటారు. ఆ తరువాత 1970లలో వాల్జూ 7750 అనే, వాచీ లోపల పెట్టే మెషీను వచ్చింది. మధ్యతరహా ధరలో ఈ రోజు మీరు చూసే స్విస్ ఆటోమేటిక్ క్రోనోగ్రాఫుల్లో చాలావాటికి మూలం అదే. టిస్సో, హామిల్టన్ కంపెనీలు తమ క్రోనోగ్రాఫుల్లో దాని సంతతి మెషీన్లే వాడతాయి. సెల్లిటా అనే మరో కంపెనీ ఎస్‌డబ్ల్యూ 500 పేరుతో దాదాపు అదే నమూనాను తయారుచేస్తుంది. సీకో దారి వేరు, దాని మెషీన్లు దానివే.

ఈ చరిత్రంతా చెప్పడానికి కారణం ఉంది. యాభై ఏళ్లుగా నడుస్తున్న మెషీను కాబట్టి అది నమ్మదగినదే, గట్టిదే. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. మరి తకరారు ఎక్కడంటే, కొన్న తరువాత మీ చేతి మీద, మీ జేబులో అది ఎలా ఉంటుందన్న దగ్గర.

మందం సంగతి తీసుకోండి. మామూలు మూడు ముళ్ల ఆటోమేటిక్‌లో బాగా వాడుకలో ఉన్న, ఈటీఏ అనే స్విస్ కంపెనీ 2824 మెషీను మందం 4.6 మిల్లీమీటర్లు. 7750 మందం 7.9. పైన అద్దం, కింద మూత కలిస్తే వాచీ పద్నాలుగు, పదిహేను మిల్లీమీటర్లకు చేరుతుంది. ఫుల్‌హ్యాండ్స్ చొక్కా మణికట్టు గుండీ దాని మీద పట్టదు. అల్లుడికి పెట్టడానికి వాచీ చూడవచ్చిన ఒక పెద్దాయన, ముచ్చటపడి తన చేతికే పెట్టుకుని చూశారు. చేయి ఎత్తి, దించి, "బాబూ, ఇది వాచీయా, కడియమా?" అన్నారు. చివరికి పలుచటి మూడు ముళ్ల వాచీ తీసుకున్నారు, మిగిలిన డబ్బుతో ఉంగరం కూడా వచ్చింది.

ఇంకొకటి, కొన్న వారంలోనే ఫోను చేయించే సంగతి. 7750లో లోపలి బరువు చక్రం, అంటే రోటరు, ఒక దిక్కుకు తిరిగినప్పుడే స్ప్రింగును చుడుతుంది. రెండో దిక్కుకు ఏ అడ్డూ లేకుండా గిర్రున తిరుగుతుంది. చేయి ఒక్కసారి విదిలిస్తే మణికట్టు మీద వాచీ ఊగినట్టు తెలుస్తుంది. లోపల ఏదో ఊడిపోయిందని కంగారుపడతారు. ఏమీ ఊడలేదు, దాని స్వభావమే అంత. కొందరికి ఆ కదలిక ప్రాణం, కొందరికి చిరాకు. మీరు ఏ రకమో కొనకముందే తెలుసుకోవడం మంచిది.

టైము కచ్చితంగా ఉంటుందా అని కూడా అడుగుతారు. స్విట్జర్లాండ్‌లో కచ్చితత్వానికి పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా సగటున రోజుకు నాలుగు సెకన్లు వెనక, ఆరు సెకన్లు ముందు వరకు ఒప్పుకుంటుంది. ఆ సర్టిఫికెట్ లేనివి ఇంకాస్త అటూ ఇటూ పోతాయి. సెల్లుతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెల మొత్తానికి పదిహేను, ఇరవై సెకన్లకు మించి తప్పదు. కాబట్టి టైము కోసమే అయితే దీని జోలికి రావద్దు. స్టాప్‌వాచీ అవసరం కోసమైనా అంతే. విజ్జీ స్టేడియంలో పిల్లలను పరుగెత్తించే కోచ్‌ల మెడలో వేలాడేవి కొద్ది వందల రూపాయల డిజిటల్ స్టాప్‌వాచీలు, సెకనులో నూరో వంతు చూపించేవి. 7750 సెకనుకు ఎనిమిది సార్లు కొట్టుకుంటుంది, అంటే అది సెకనులో ఎనిమిదో వంతు వరకే చెప్పగలదు.

ఇక అసలు భారం సర్వీసు. దీని గురించి అమ్మేటప్పుడు ఎవరూ నోరు విప్పరు.

మూడు ముళ్ల ఆటోమేటిక్‌ను నేనే విప్పి, కడిగి, ఆయిలింగ్ చేసి ఇస్తాను. క్రోనోగ్రాఫ్‌ను విప్పను. వెనక మూత తీసి రోటరు తొలగిస్తే మీటలు, వాటి మీద మీటలు, వాటిని వెనక్కు లాగే సన్నటి స్ప్రింగులు కనిపిస్తాయి. వాటిలో కొన్ని కనురెప్ప వెంట్రుక కంటే పెద్ద లావేమీ ఉండవు. చిమటా కొన నుంచి ఒకటి ఎగిరిందంటే ఆ పూటంతా నేల మీద అయస్కాంతం పట్టుకుని వెతకాల్సిందే. ముల్లును సున్నాకు తెచ్చేది గుండె ఆకారంలో ఉండే చిన్న చక్రం, దాని మీద పడే సుత్తి. ఆ సుత్తి పడే కోణం వెంట్రుకవాసి తేడా వచ్చినా ముల్లు సున్నాకు కాస్త ఇవతలే ఆగుతుంది. రెండు లక్షల వాచీలో ఆ తేడా రోజూ కంట్లో నలుసులా బాధిస్తుంది. అసలైన విడిభాగాలు మాలాంటి చిన్న షాపులకు తేలికగా దొరకవు కూడా. అందుకని కంపెనీ సర్వీసుకే పంపాలి, అది విశాఖ దాటి వెళుతుంది. ఐదారేళ్లకొకసారి ఈ పని తప్పదు. మామూలు ఆటోమేటిక్‌కు అయ్యే ఖర్చుకు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి అవుతుంది. ఆ వారాలన్నీ మీ చేయి బోసిగా ఉంటుంది. ఒక సర్వీసు ఖర్చుతో ఒక మంచి కొత్త క్వార్ట్జ్ వాచీ వస్తుందంటే లెక్క మీకే తెలుస్తుంది.

మన వాతావరణం కూడా కలిసిరాదు. సముద్రం దగ్గరే, ఎండాకాలం చెమట చెప్పనక్కర్లేదు. రెండు బటన్లంటే కేసుకు మరో రెండు రంధ్రాలు, వాటికి రబ్బరు వాషర్లు. ఉప్పు చెమటకు అవి బిగుసుకుంటాయి. వంద మీటర్ల వరకు నీరు పట్టదని రాసి ఉన్నా నీళ్లలో బటన్లు నొక్కకండి. అయస్కాంతం ఉన్న ఫోను కవరు పక్కన రాత్రంతా పెడితే వాచీ ఉన్నట్టుండి నిమిషాలకు నిమిషాలు ముందుకు పరుగెత్తవచ్చు. అది మాత్రం పెద్ద జబ్బు కాదు, మా దగ్గర యంత్రం మీద పెట్టి అయస్కాంతం దించడానికి క్షణాల పని. దానికి డబ్బు తీసుకోను.

ఇంత చెప్పి ఎవరూ కొనవద్దంటున్నానా? లేదు. రైల్వేలో పనిచేసి విరమించిన ఒక ఆయన దగ్గర ఇలాంటిది ఉంది. విశాఖ వెళ్లేటప్పుడు కిటికీ దగ్గర కూర్చుని పట్టాల పక్క కిలోమీటరు గుర్తు దాటగానే బటను నొక్కుతారు, తరువాతి గుర్తు రాగానే ఆపుతారు. డయల్ అంచున ఉండే టాకీమీటరు అంకెల్లో ముల్లు ఎక్కడ ఆగిందో అదే గంటకు వేగం. నలభై సెకన్లు పడితే తొంభై, నలభై ఐదు పడితే ఎనభై. ఫోనులో ఇదంతా ఊరికే వస్తుందని ఆయనకు తెలియదా? తెలుసు. ఆ బటను కింద మీట పడిన చప్పుడు ఆయనకు కావాలి. అటువంటివారు సర్వీసు ఖర్చు విని వెనుకాడరు, వారికి నేను సంతోషంగా తెప్పించి ఇస్తాను. చేతికి డాబుగా ఉండాలని, లేదా ఎవరో పెట్టుకున్నారని కొనేవారు మాత్రం ఏడాదికల్లా బటన్లు నొక్కడం మానేస్తారు. అటువంటివారికి అందులో సగం ధరకు మంచి మూడు ముళ్ల ఆటోమేటిక్ చాలు.

బటన్ల సరదా ఉండి, ఖర్చు భరించలేనివారికి మధ్యేమార్గం ఒకటి ఉంది. సీకో వారి వీకే 63, వీకే 64 మెషీన్లు. టైము సెల్లుతో నడుస్తుంది, స్టాప్‌వాచీ భాగం మాత్రం మీటలతో పనిచేస్తుంది. ముల్లు సెకనుకు ఐదు అడుగులు వేస్తుంది, కింది బటను నొక్కితే ఖరీదైనవాటిలాగానే టక్కున వెనక్కు వస్తుంది. ఈ మెషీను పెట్టి చాలా కంపెనీలు వాచీలు చేస్తున్నాయి. ఇకపై మా బీరువాలో క్రోనోగ్రాఫ్ అంటే ఎక్కువగా ఇవే కనిపిస్తాయి.

నకిలీ సరుకు గురించి ఒక్క మాట. ఆన్‌లైన్‌లో మూడు, నాలుగు వేలకు ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ వచ్చిందని తెచ్చి చూపిస్తుంటారు. డయల్‌లోని చిన్న గడియారాలు వారం, తేదీ చూపిస్తాయి, బటన్లు వాటిని మార్చడానికి. అది స్టాప్‌వాచీయే కాదు. నిజమైనదానిలో సాధారణంగా మధ్యలోని పొడవాటి సెకన్ల ముల్లు పన్నెండు దగ్గర కదలకుండా నిలబడి ఉంటుంది, బటను నొక్కితేనే నడుస్తుంది. రోజూ నడిచే సెకన్లు ఒక చిన్న గడిలో విడిగా తిరుగుతుంటాయి.

స్విస్ వాచీల ధరలు తగ్గుతాయట, ఆగమంటారా అని కూడా అడుగుతున్నారు. స్విట్జర్లాండ్ ఉన్న ఈఎఫ్‌టీఏ అనే నాలుగు యూరప్ దేశాల కూటమితో భారత్ 2024 మార్చిలో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏడేళ్లలో దశలవారీగా పోతుంది, ఒక్కసారిగా కాదు. 18 శాతం జీఎస్టీ ఎలాగూ ఉంటుంది. పైగా కంపెనీలు తమ ధరలు తాము పెంచుకుంటూనే ఉంటాయి. పెళ్లి వచ్చే నెలలో ఉంటే ఆగడంలో అర్థం లేదు. తొందర లేనివారు ఆగినా నష్టం లేదు.

ఆర్డరు ఇచ్చేవారు ధరలో మూడో వంతు అడ్వాన్సు ఇవ్వాలి. వాచీ వచ్చాక చేతికి పెట్టుకుని చూసి, మందం నచ్చకపోతే మూడు ముళ్లదానికి మార్చుకోవచ్చు, స్టిక్కర్లు ఊడదీయనంతవరకే. కంపెనీ వారంటీ కార్డు మీద మీ పేరు, తేదీ, షాపు ముద్ర నా ముందే రాయించుకోండి. ఇప్పుడు బీరువాలో మిగిలిన ఒక్క 7750 వాచీని అమ్మకానికి కాక నమూనాగా ఉంచుతున్నాను. కొనకపోయినా వచ్చి ఆడి చూడవచ్చు, మధ్యాహ్నం పూట అయితే నాకూ తీరిక ఉంటుంది. ముల్లు నడుస్తుండగా కింది బటను మాత్రం నొక్కకండి. ముందు పైది నొక్కి ఆపి, ఆ తరువాతే కిందిది.