మీ అమ్మమ్మగారి ఫొటో విషయం

ప్రియమైన రఘూ,

నువ్వు పంపిన మీ అమ్మమ్మగారి ఫొటోను ఆదివారం పొద్దున్నంతా ముందు పెట్టుకుని కూర్చున్నాను. చీకటిగా ఉన్న గుమ్మం ముందు ఆవిడ తెల్లజుట్టు, ఒళ్ళో మల్లెపూలు, దండ కడుతున్న చేయి, అన్నీ కలిసి అంత చక్కగా అమరిన బొమ్మను పెద్దదిగా ప్రింటు వేయించాలని నువ్వు అనుకోవడం నాకెంతో నచ్చింది. అయితే “కాస్త షార్ప్ చేసిపెట్టు” అన్నావు చూడు, దానికి ఫోనులో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

షార్పెన్ చేస్తే కెమెరాకు అందని వివరం కొత్తగా పుట్టదు. ఉన్న అంచుల దగ్గర వెలుగునీడల తేడా పెరుగుతుంది, అంతే. ఫొటోలు దిద్దడానికి నేను వాడే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ ఫిల్టర్‌ను అన్‌షార్ప్ మాస్క్ అంటారు. ఫిలిం రోజుల్లో నెగటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తీసి, రెండింటినీ జతచేసి ప్రింటు వేసేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ కూడా మొదట ఫొటోకు మసక ప్రతి ఒకటి తయారు చేసుకుని, అసలుకూ దానికీ ఉన్న తేడాను లెక్కగట్టి, ఆ తేడాను తిరిగి అసలుకు కలుపుతుంది. ఒక అంచుకు ఇటు 100, అటు 150 వెలుగు ఉందనుకో. మసక ప్రతిలో అవి 115, 135 అయితే, తేడాను పూర్తిగా కలిపినప్పుడు 85, 165 అవుతాయి. అప్పటివరకు 50 ఉన్న తేడా 80 అయ్యేసరికి కంటికి అంచు తేటగా కనిపిస్తుంది.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. మొదటిసారి రేడియస్, అంటే అంచు నుంచి మార్పు ఎంత దూరం పాకాలో చెప్పే అంకె, 6 పెట్టి చూశాను. అమ్మమ్మగారి జుట్టు అంచు వెంట తెల్లటి గీత గీసినట్టు, దాని పక్కనే గుమ్మం చీకటి మీద ఇంకా నల్లగా ఒక వలయం వచ్చింది. బుగ్గల మీద ఇసుక చల్లినట్టు నాయిస్ పైకి తేలింది. అదంతా తీసేసి, ఫొటో ఉన్న లేయర్‌కు (పొరకు) నకలు చేసి, రేడియస్ 1.2, తేడాను ఎంత కలపాలో చెప్పే అమౌంట్ 0.6 పెట్టి, బుగ్గల మీది చిన్న తేడాలను వదిలేసేలా థ్రెషోల్డ్‌ను కొద్దిగా పెంచాను. రంగులు అంచుల దగ్గర చెదరకుండా లేయర్ మోడ్‌ను వెలుగును మాత్రమే మార్చే ఎల్‌సీహెచ్ లైట్‌నెస్‌కు మార్చి, ఆ లేయర్‌ను పూర్తిగా కప్పేసే నల్ల మాస్కు వేసి, కళ్ళు, ముక్కుపుడక, చీర అంచు ఉన్నచోట మాత్రమే తెల్ల బ్రష్షుతో తెరిచాను. ముక్కుపుడక రాయిలో వెలుగు చుక్క ఎంత బాగా నిలిచిందో నువ్వే చూస్తావు.

ఆవిడ చేయి మాత్రం కదులుతుండగా పడింది. ఎంత షార్పెన్ చేసినా కదలిక వల్ల వచ్చిన మసక పోదు, ఒకే వేలికి రెండేసి అంచులు వస్తాయి. నన్నడిగితే దాన్ని ముట్టుకోకూడదు, పూలు కడుతున్న చేయి కదలకుండా ఎలా ఉంటుంది?

వెనక గోడ మీది క్యాలెండరును మసక చేయమన్నావు. ఫొటో మొత్తానికి గాసియన్ బ్లర్ అనే మసక చేసే ఫిల్టర్ వేసి మీద మనిషిని అతికిస్తే, జుట్టులోని తెలుపు గోడలోకి పాకి, తల చుట్టూ పొగమంచు కమ్మినట్టు కనిపిస్తుంది. అందుకని వెనక లేయర్‌లో ముందు ఆవిడ ఉన్న చోటును క్లోన్ చేసి గోడతో నింపాను, ఆ తర్వాతే బ్లర్ వేశాను. నిజమైన లెన్సులో దూరం పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది కాబట్టి, దగ్గరగా ఉన్న గడపను తేటగానే ఉంచి, గోడకు మాత్రం ఎక్కువ ఇచ్చాను.

ఇప్పుడు నాకు నీ నుంచి ఒకటి కావాలి. నువ్వు పంపిన ఫైలు కుదించుకుపోయి వచ్చింది. జేపెగ్ గళ్ళు కొంగు మీద స్పష్టంగా తెలుస్తున్నాయి, షార్పెన్ చేస్తే అవే ముందు పైకి వస్తాయి. ఫోనులో ఉన్న అసలు ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపు. ప్రింటు ఎన్ని అంగుళాలో కూడా చెప్పు, ఎందుకంటే సైజు మార్చడం అయ్యాకే చివరి షార్పెనింగ్ చేయాలి. కాగితం మీద సిరా కొంచెం పాకుతుంది కనుక తెర మీద చూసినదానికన్నా రవ్వంత ఎక్కువ పదును ఇస్తాను. అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీను