అచ్చుతప్పు కూడా ఆధారమైపోతోంది

సంపాదకులు గారికి,

నమస్కారం. పాత డిటెక్టివ్ నవలలు మళ్లీ అచ్చవుతున్నాయి, కొత్తవాళ్లూ ఉత్సాహంగా సస్పెన్స్ నవలలు రాస్తున్నారు. సంతోషం. కానీ వీటిలో చాలా పుస్తకాలు ఎడిటర్ చేతిలో పడకుండానే డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే పని) నుంచి నేరుగా ప్రెస్సుకి వెళ్లిపోతున్నాయి. ఏ పుస్తకానికైనా ఇది లోపమే. డిటెక్టివ్ నవలకైతే ప్రాణం మీదికొస్తుంది.

ఈ రకం నవల చదివేవాళ్లు ప్రతి మాటనీ అనుమానంతో చదువుతారు. కుటుంబ నవలలో వదినగారు 40వ పేజీలో సుశీల, 90వ పేజీలో సుజాత అయితే విసుక్కుని ముందుకు వెళ్తాం. హత్య జరిగిన ఇంట్లో అదే పొరపాటు దొర్లితే, ఎవరో మారుపేరుతో తిరుగుతున్నారని లెక్కలు మొదలవుతాయి. హతుడి గడియారం ఒకచోట 9.10కీ, ఇంకోచోట 9.40కీ ఆగిపోతే ఆ అరగంటని పట్టుకుని వంద పేజీలు నడుస్తాం. చివరికి అది టైపింగ్ తప్పని తేలుతుంది. ఆ తర్వాత నిజమైన ఆధారం కళ్లముందుకొచ్చినా, ఇదీ తప్పేనేమో అని వదిలేస్తాం. డిటెక్టివ్ కంటపడిన ఆధారాన్ని వెంటనే పాఠకుడికీ చూపించాలని 1929లోనే ఇంగ్లిష్ డిటెక్టివ్ రచయిత రోనాల్డ్ నాక్స్ నియమం పెట్టాడు. ప్రూఫ్ సరిగా దిద్దని పుస్తకంలో ఆ నియమానికి విలువే ఉండదు.

పునర్ముద్రణల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలు తీస్తే వ, ప తారుమారవుతాయి; మ, య తారుమారవుతాయి. పాత ఫాంట్ల ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి. అర్థంలేని మాట వస్తే ఎవరి కంటికైనా ఆనుతుంది. అర్థమున్న మాట వస్తేనే చిక్కు. ‘రాజారావు ముందు తాగాడు’ అన్నచోట ఒక్క కొమ్ము ఎగిరిపోయి ‘రాజారావు మందు తాగాడు’ అయిందనుకోండి. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ పట్టుకోదు. కానీ విషం కలిపిన పాలు ఎవరు ముందు తాగారన్నదే కేసంతా! అందుకే పేర్లు, సమయాలు, అంకెలు, ఎడమా కుడీ, ముందూ వెనకా, ఈ మాటలున్న ప్రతి వాక్యాన్నీ మూల ప్రతితో పక్కపక్కన పెట్టి, ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు సరిచూడాలి. అలాగని పాత కథని కొత్తకాలానికి దిద్దకూడదు. ట్రంక్‌కాల్ (ఎక్స్‌ఛేంజిలో బుక్ చేసుకునే దూరపు ఫోన్) కోసం రెండు గంటలు కాచుకోవడం మీద నడిచే కథలో సెల్‌ఫోన్ పెడితే కథే ఉండదు. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఆ కాలంలో ఉంటేనే యుగంధర్, రాజు.

ఇక సాగతీత. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలలో ప్రతి భాగం మొదట్లో కిందటి వారం జరిగింది గుర్తుచేసే పది లైన్లుంటాయి. వారం ఆగి చదివేవాళ్లకి అవి కావాలి. పుస్తకంలో అయితే పేజీ తిప్పగానే చదివిందే మళ్లీ చదవాలి. 30 వారాల సీరియల్‌కి దాదాపు 300 లైన్లు, అంటే పేజీకి 30 లైన్ల లెక్కన దాదాపు 10 పేజీలు వృథా. దీనికి తోడు విచారణ ఘట్టాలు. అయిదుగురు అనుమానితుల్నీ అవే ప్రశ్నలు అడుగుతారు, అయిదుగురూ భోజనాల వేళ నుంచి మొదలుపెట్టి అంతా చెబుతారు. మొదటివాడి మాట పూర్తిగా వినిపించి, మిగతావాళ్లది తేడా ఉన్నంతవరకే ఇస్తే చాలు. ఆ తేడాయే పాఠకుడికి కావలసింది.

నెమ్మదిగా నడవడం తప్పు కాదు. ప్రతి అధ్యాయం పక్కనా పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాసి చూడాలి: ‘ఇక్కడ పాఠకుడికి కొత్తగా తెలిసింది ఇది’. వరసగా రెండు అధ్యాయాలకి రాయడానికి ఏమీ దొరక్కపోతే నవల అక్కడ కుంగిందన్నమాట. అచ్చులో ఒక కాగితం మడతకి వచ్చే 16 పేజీల ఫారం లెక్క చూసుకుని, పది ఫారాలు నిండాలని పెంచిన పేజీలు ఈ పరీక్షలో దొరికిపోతాయి.

అయితే కత్తెర గుడ్డిగా పడకూడదు. నాలుగు రోజులుగా చినుకు పడని ఊళ్లో, తులసికోట పక్కన ఆరేసిన తడి గొడుగు గురించి ఒక వాక్యం ఉందనుకోండి. వర్ణన ఎక్కువైందని ఆ పేరా కొట్టేస్తే, హంతకుడు పొరుగూరి వానలోంచి వచ్చాడని చెప్పే ఏకైక ఆధారం పోతుంది. అందుకే ఎడిటర్ రెండుసార్లు చదవాలి. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివి, దోషి మీద అనుమానం ఏ పేజీలో కలిగిందో గుర్తుపెట్టుకోవాలి. రెండోసారి చివరి అధ్యాయం నుంచి వెనక్కి రావాలి. డిటెక్టివ్ చెప్పే ప్రతి కారణం పక్కనా అది ముందు ఏ పేజీలో కనిపించిందో రాయాలి. పేజీ నంబరు దొరకని కారణం ఉంటే రచయితకి తిప్పి పంపాల్సిందే. ఏ రోజు, ఏ గంటకి, ఎవరెక్కడున్నారో చూపే పట్టిక ఒకటి పక్కన ఉండాలి. కోతలయ్యాక ఆ పట్టికని మళ్లీ సరిచూడాలి. రెండువందల పేజీల నవలకి శ్రద్ధగా చేస్తే పదిహేను రోజుల పని.

మా విన్నపం గ్రంథాలయ సంస్థలకి కూడా. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమంతా కడుతున్నాం. ఆ డబ్బుతో నవలలు కొనేటప్పుడు, ప్రచురణ వివరాల పేజీలో ఎడిటర్ పేరు, ప్రూఫ్‌రీడర్ పేరు ఉన్నాయో లేదో చూడండి. నవలల పోటీలు పెట్టే పత్రికలు బహుమతితో పాటు ఎడిటింగ్ ఖర్చూ భరించాలి. మీ ఆదివారం సమీక్షల్లో కథ బాగుందో లేదో చెప్పాక, పుస్తకం ఎలా దిద్దారో కూడా రెండు మాటలు రాయించండి.

ఇప్పటికే అచ్చయి అమ్ముడుపోని ప్రతుల్లో ప్రచురణకర్తలు తప్పొప్పుల పట్టిక చీటీ పెట్టవచ్చు. పూర్వం పుస్తకాల్లో ఉండేది కదా. ఆ చీటీలో పేజీ, లైను, సరైన మాట మాత్రం ఇవ్వండి. వివరణ రాస్తే హంతకుడెవరో మొదటే తెలిసిపోతుంది.

భవదీయుడు,
ఒక డిటెక్టివ్ నవలల పాఠకుడు, విజయవాడ