2024-25 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి సమర్పించినది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఒడిశాలోని మన పర్లాకిమిడి తెలుగు సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. అవి మళ్ళీ చదివి మీ సమయం తినను. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు జరిగిన పనులు చెబుతాను. మధ్యలో రెండు మాటలు కాస్త గట్టిగా కూడా అంటాను, కోపగించుకోవద్దు.

ఈసారి పద్దులో రెండు ఉగాదులు పడ్డాయి. క్రోధి ఉగాది 2024 ఏప్రిల్ 9న, విశ్వావసు ఉగాది 2025 మార్చి 30న వచ్చాయి. ఒకే లెక్కలో రెండు పచ్చళ్ళు, రెండు పంచాంగ శ్రవణాలు, రెండుసార్లు షామియానా అద్దె. ఖర్చు పెరిగిందేమిటని అడిగేవారికి ఇదే జవాబు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి ఎప్పటిలాగే చేశాం. ఆయన పాఠాలు చెప్పిన ఊరు మన పర్లాకిమిడి అని వేదిక మీద ఎనిమిది మంది చెప్పారు. కింద కూర్చుని విన్నవాళ్ళు అంతకంటే కొంచెం ఎక్కువ. సంక్రాంతి ముగ్గుల పోటీ బాగా జరిగింది. గ్రంథాలయం తలుపు ఇంకా బాగు కాలేదు.

ఇక ఈ ఏడాది అసలు పని, ఆదివారం క్లాసు. పవర్ ఎలక్ట్రానిక్స్ సర్క్యూట్లను (ఇన్వర్టర్లు, ఛార్జర్లలో ఉండేవి) కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేయడం, అంటే నిజం బోర్డు లేకుండానే అది ఎలా నడుస్తుందో లెక్కకట్టి చూడడం, మన పిల్లలకు నేర్పించాం. తెలుగు సంఘానికి ఇదేం పని అని కార్యవర్గంలోనే ఇద్దరు అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేకుండా ఎలా ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత స్తోమత ఉన్న ప్రతి ఇంట్లో ఇన్వర్టరు చేరింది. ఇప్పుడు ఈ-రిక్షా ఛార్జర్లు, సోలార్ బోర్డులు కూడా వచ్చాయి. వాటిని బాగుచేసే షాపుల్లో మన పిల్లలే పని చేస్తున్నారు. ఏ పార్టు పోయిందో మీటరు పెట్టి చెప్పగలరు, మార్చగలరు. ఎందుకు పోయిందంటే మాత్రం చెప్పలేరు. కొత్త మోస్‌ఫెట్ (కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ పార్టు) వేసి స్విచ్ వేస్తారు, టప్‌మని పేలుతుంది. ఇంకోటి కావాలంటే బరంపురం నుంచో విశాఖ నుంచో రావాలి. పేలేదేదో స్క్రీన్ మీద పేలితే పార్టు ఖర్చు లేదు, వేళ్ళు కాలవు. ఈ ఆలోచన నాది కాదు. మన సభ్యురాలి అబ్బాయి, చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు, అతనిది. పేరు వేయొద్దన్నాడు కాబట్టి వేయడం లేదు.

మే నెలలో మొదలుపెట్టాలనుకున్నాం. అడిగిన హాలు మే 13 పోలింగుకు ఇచ్చేశారు. జూన్‌లో మా గ్రంథాలయం గదిలోనే మూడు పాత ల్యాప్‌టాప్‌లతో మొదలుపెట్టాం. వాటిలో లినక్స్ వేసి, ప్రోగ్రాములు రాసే పైథాన్, దానితో లెక్కలకు నంపై, గ్రాఫులకు మ్యాట్‌ప్లాట్‌లిబ్, సర్క్యూట్లను సిమ్యులేట్ చేసే ఎన్‌జీస్పైస్ ఎక్కించాం. ఐఐటీ బాంబే ఫోసీ బృందం తయారుచేసిన ఈసిమ్ కూడా వేశాం. కైక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేరులో సర్క్యూట్ బొమ్మ గీస్తే ఎన్‌జీస్పైస్‌తో లెక్క చేయించి పెట్టే సాఫ్ట్‌వేరు అది. ఇవన్నీ ఓపెన్ సోర్స్. ఒకసారి దించుకుని పెన్‌డ్రైవ్‌లో పిల్లలందరికీ పంచాం. ఉచితంగా ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంటుందని మన ఉపాధ్యక్షులు అనుమానించారు. మతలబేమీ లేదు. ఎన్‌జీస్పైస్‌కు మూలమైన స్పైస్ 1970లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. అప్పటి నుంచీ చేతులు మారుతూ వస్తోంది.

మొదటి ఆదివారం 22 మంది వచ్చారు. ఇద్దరు పాతపట్నం నుంచి సైకిళ్ళ మీద, ఒకడు గుణుపురం నుంచి రైలెక్కి. దీపావళి నాటికి తొమ్మిది మంది మిగిలారు. తొమ్మిది మందే అని కొందరు నవ్వారు. ఆ తొమ్మిది మంది ఏం నేర్చుకున్నారో ఒక్కరు వచ్చి చూడలేదు.

భాష దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. చాలామంది ఒడియా మీడియంలో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. మాస్టారు (రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, అందరికీ తెలిసినవారే) తెలుగులో రాసిచ్చిన నోట్సును ఎవరైనా పైకి చదివితే వాళ్ళు ఒడియా అక్షరాలతో రాసుకున్నారు. మాట తెలుగు, లిపి ఒడియా. మన సభ్యుల్లో కొందరికి ఇది బాధ కలిగించింది. నాకు మాత్రం గిడుగు వారే గుర్తొచ్చారు. సవర గిరిజన పిల్లలకు వాళ్ళ సవర భాషలోనే చదువు చెప్పాలని పాటుపడిన మనిషి ఈ నోట్సు చూసి కోప్పడరు. ఇండక్టరును (సర్క్యూట్‌లో ఉండే తీగ చుట్ట) ప్రేరకం అనాలని ఒక పెద్దాయన పట్టుబట్టారు. రెండు వారాలు అలాగే అన్నాం. మూడో వారం ఆయనే ఇండక్టర్ అన్నారు.

మొదటి పాఠం రెక్టిఫయర్, అంటే ఏసీని డీసీగా మార్చేది. ఇంట్లో వచ్చేది 230 వోల్టులు కదా, డయోడు బ్రిడ్జి తర్వాత కెపాసిటర్ పెడితే స్క్రీన్ మీద 325 చూపింది. ప్రోగ్రాం తప్పు అని అందరూ అరిచారు. తప్పు కాదు. 230 అనేది ఆర్‌ఎంఎస్ విలువ (ఒకరకం సగటు), శిఖరం 325 దాకా వెళుతుంది, కెపాసిటర్ ఆ శిఖరాన్ని పట్టుకుంటుంది. ఏడేళ్ళుగా షాపులో చేస్తున్న కుర్రాడు, 250 వోల్టుల కెపాసిటర్ వేసినప్పుడల్లా ఎందుకు ఉబ్బిందో ఇప్పుడు తెలిసిందన్నాడు.

తర్వాత బక్ కన్వర్టరు, అంటే డీసీ వోల్టేజిని తగ్గించేది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 వోల్టులు తీయాలి. స్విచ్ మొత్తం కాలంలో 41.67 శాతం సేపు ఆన్‌లో ఉంటే సరిపోతుంది. పైథాన్‌లో సొంతంగా రాయించారు. పాత కరెంటుకు, ఇండక్టర్ మీది వోల్టేజిని ఇండక్టెన్స్‌తో భాగించి టైమ్ స్టెప్‌తో గుణించినది కలిపితే కొత్త కరెంటు వస్తుంది. టైమ్ స్టెప్ అంటే ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య తీసుకునే చిన్న కాలం. అదే లూపు లక్షలసార్లు తిరగాలి. తొందరగా అవుతుందని ఒకడు టైమ్ స్టెప్ ఒక మిల్లీసెకను పెట్టాడు. స్విచ్ నడిచేది 20 కిలోహెర్ట్జ్‌లో, ఒక చుట్టుకు 50 మైక్రోసెకన్లే. గ్రాఫు వెర్రిగీతలు గీసింది. ఒక మైక్రోసెకనుకు దింపితే 5.04 వోల్టులు వచ్చింది. ఆ పైనున్న 0.04 ఎక్కడిదని వాడికి వారం రోజులు టెన్షన్. ఒక చుట్టుకు 50 టైమ్ స్టెప్పులే కాబట్టి 41.67 శాతం కుదరదు, 21 స్టెప్పులు పడి 42 శాతం అయింది. అంతే సంగతి. ఎన్‌జీస్పైస్ అయితే అప్పుడప్పుడు టైమ్ స్టెప్ మరీ చిన్నదైపోయిందని మొరాయించి ఆగిపోయేది. స్విచ్‌కు అడ్డంగా చిన్న రెసిస్టర్, కెపాసిటర్ పెడితే కదిలేది.

2025 జనవరి 26, ఆదివారం కూడా అయింది. జెండా వందనం తర్వాత పిల్లల ప్రదర్శన పెట్టాం. ముఖ్య అతిథిగా ఒక అధికారిని పిలిచాం, వస్తానన్నారు. పదింటి నుంచి పన్నెండున్నర దాకా చూశాం. ఫోన్ ఎత్తలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది, వచ్చే ఏడాది పనికొస్తుంది.

ప్రదర్శన గురించి చెప్పాలి. స్క్రీన్ మీద ప్రోగ్రాం, బల్ల మీద పిల్లలు స్వయంగా అతికించిన నిజం బోర్డు. ఇండక్టర్ 300 మైక్రోహెన్రీలు, కెపాసిటర్ 100 మైక్రోఫారడ్‌లు. కరెంటు లాగేందుకు 5 ఓమ్‌ల లోడు పెడితే స్క్రీన్ 5 అంది, మీటరు 4.7 అంది. తేడా డయోడు మింగిందని పిల్లలు వివరించారు, చప్పట్లు కొట్టాం. తర్వాత ఎవరో సరదాగా లోడు తీసేసి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు. మీటరు 11 దాటింది. స్క్రీన్ మీద మాత్రం అదే 5. పిల్లల ముఖాలు మాడిపోయాయి. వెనక నుంచి ఒకరు, పేరు చెప్పను, "కంప్యూటర్ చదువు ఇంతే" అన్నారు.

మాస్టారు మాట్లాడలేదు. ప్లస్ టూ చదువుతున్న ఒక అమ్మాయి, తెలుగు చదవడం రానివాళ్ళలో ఒకత్తె, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వోల్టేజి గ్రాఫు తీసేసి ఇండక్టర్ కరెంటు గ్రాఫు వేసింది. కరెంటు సున్నా కిందికి దిగి మళ్ళీ పైకి వస్తోంది. "సార్, డయోడు వెనక్కి పోనివ్వదు కదా. మన ప్రోగ్రాం పోనిస్తోంది" అంది. లోడు తక్కువైతే, అంటే వెయ్యి ఓమ్‌లలా తక్కువ కరెంటు లాగితే, ప్రతి చుట్టులోనూ కరెంటు సున్నాకు వచ్చి కాసేపు ఆగిపోవాలట. అలా ఆగినప్పుడు 41.67 శాతం లెక్క పనిచేయదట. ఒక్క లైను చేర్చింది: స్విచ్ ఆఫ్‌లో ఉండగా కరెంటు సున్నా కన్నా తక్కువైతే సున్నా చేయి. పాత ల్యాప్‌టాప్ కాసేపు ఆలోచించి 11.3 చూపింది. మీటరు 11.2.

మాస్టారు తర్వాత అదే సర్క్యూట్‌ను ఎన్‌జీస్పైస్‌లో వేసి చూపించారు. అందులో డయోడు మోడల్ ముందే ఉంటుంది కాబట్టి మొదటిసారే 11 వచ్చింది. మొదటే అది వాడితే పోయేదిగా అని ఒక సభ్యుడు అడిగారు. పోయేదే. ఆ అమ్మాయి అలా లేచి వచ్చి ఆ గ్రాఫు వేసేది కాదు, అంతే. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఈ అరగంటే.

ఇప్పుడు గట్టి మాటలు. జూన్ సభలో వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చారు. క్లాసులకు క్రమం తప్పకుండా వచ్చింది ముగ్గురు. మిగతావారు జనవరి 26న ఫొటోలో ఉన్నారు, ముందు వరసలోనే. నాలుగు కంప్యూటర్లు ఇప్పించమని ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. మొదటిది ఇంగ్లీషులో రాస్తే ఒడియాలో రాయమన్నారు, ఒడియాలో రాస్తే ఇంగ్లీషు కాపీ ఏదన్నారు. మూడోసారి రెండూ పెట్టాం. ఫైలు పైకి వెళ్ళిందట. ఎంత పైకో తెలియదు. వానల్లో కరెంటు పోయి నాలుగు ఆదివారాలు క్లాసు జరగలేదు. ఇన్వర్టర్ల క్లాసుకు ఇన్వర్టర్ లేకపోవడం మనకే సిగ్గు.

కృతజ్ఞతలు. గ్రంథాలయం గదికి రంగు వేయించిన మా మాజీ అధ్యక్షులకు, పనికిరానివని తీసేసిన బోర్డులు ఇచ్చిన బజారు వీధి రిపేరు షాపు వారికి, పార్టులు బరంపురం నుంచి బస్సులో మోసుకొచ్చిన కోశాధికారి గారి అల్లుడికి, ఆదివారాలు టీ, ఉప్మా చేసి పంపిన మహిళా విభాగం వారికి, చెన్నై నుంచి వీడియోలో పాఠం చెప్పిన అబ్బాయికి, అతని ఆదివారాలు మాకు వదిలేసిన అతని భార్యకు, నోట్సు పైకి చదివిపెట్టిన ఇద్దరు అమ్మమ్మలకు, మైకు అద్దె తగ్గించిన సౌండ్ సర్వీసు వారికి, మా మాస్టారికి. ఎవరి పేరైనా మరిచిపోతే మన్నించాలి, సమావేశం తర్వాత నాతో చెబితే మినిట్సులో రాయిస్తాను.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది. రెండు ఉగాదుల సంగతి ముందే చెప్పాను. చందా బాకీలు చాలా ఉన్నాయి, జాబితా తలుపు దగ్గర అంటించాం, వెళ్ళేటప్పుడు చూసుకోండి.

వచ్చే జూన్‌లో రెండో బ్యాచ్. ఈసారి ఇన్వర్టర్ బ్రిడ్జి, పైనా కిందా స్విచ్‌లు ఒకేసారి ఆన్ అయితే ఏమవుతుందో ముందు స్క్రీన్ మీద కాల్చి చూస్తారు. చెప్పడానికి వాలంటీర్లు కావాలి. పేర్లు ఇచ్చేవాళ్ళు కాదు, వచ్చేవాళ్ళు.

మరొక్క విషయం. జనవరి 26 ప్రదర్శన తర్వాత సంఘం మల్టీమీటరు కనిపించడం లేదు. పసుపు రంగుది, ఎర్ర ప్రోబుకు టేపు చుట్టి ఉంటుంది. ఎవరి ఇంట్లో ఉన్నా గ్రంథాలయంలో ఇచ్చేయగలరు, ఏమీ అడగం.

కార్యదర్శి
పర్లాకిమిడి