అది జానపదం కాదండీ

సంపాదకుల వారికి,

అమెరికా రాక్ గిటారిస్టు టామ్ మొరెల్లో మీద మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చి రెండు వారాలైంది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లూ ఆగాను. మొన్న ఒకటి వేశారు కూడా, పంచాంగంలో తిథి తప్పు పడినందుకట. సంతోషం.

ముందు ఆ శీర్షిక: 'రాక్ వదిలి జానపదంలోకి'. ఆయన రాక్ వదిలిందెప్పుడు? నైట్‌వాచ్‌మన్ అని పేరు మార్చుకుని లాస్ ఏంజెలెస్ కాఫీ షాపుల్లో ఒంటరిగా పాడటం 2003 ప్రాంతంలో మొదలైంది. అప్పటికి తన రాక్ బ్యాండు ఆడియోస్లేవ్‌లో గిటారు వాయిస్తూనే ఉన్నారు. తొలి ఆల్బమ్ 'వన్ మ్యాన్ రెవల్యూషన్' 2007 ఏప్రిల్‌లో వచ్చింది. అదే నెలలో ఆయన పాత రాక్ బ్యాండు రేజ్ అగెయిన్‌స్ట్ ద మెషీన్ మళ్లీ వేదికెక్కింది. 'బ్యాండ్లు చెదిరాక గతిలేక గిటారు మార్చారు' అన్న మీ వ్యాసకర్త లెక్క ఏ క్యాలెండరుకీ కుదరదు.

ఇక 'జానపదం'. ఇంగ్లిషులో ఫోక్ అని కనబడితే చాలు, జానపదం అని దించేస్తారా? మొరెల్లో అందుకున్నది అమెరికా కార్మికుల పాటలు కట్టిన జో హిల్, వుడీ గత్రీల దారి. జో హిల్‌ను 1915లో అమెరికాలోని యూటాలో హత్యానేరం మోపి తుపాకులతో కాల్చి మరణశిక్ష అమలు చేశారు, ఆయన పాడింది నాట్ల పాటలైతే కాదు కదా! అందరి నోళ్లలో నానిన బాణీ తీసుకుని, దానికి కూలి సంగతీ సమ్మె సంగతీ కట్టి జనం చేత పాడించడం వాళ్ల పద్ధతి. మన ప్రజానాట్యమండలి చేసిందీ, వంగపండు, గద్దర్ చేసిందీ అదే. 'ఉద్యమ పాట' అని ఉంటే ఒక్క ముక్కలో తెలిసిపోయేది.

'కరెంటు గిటారు పక్కన పెట్టి మామూలు గిటారు పట్టారు' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, కష్టమంతా అక్కడే ఉంది. ఆయన పేరు మోగింది చేతి వేళ్లతో మాత్రమే కాదు. తీగల కదలికను కరెంటుగా మార్చే రెండు పికప్‌లలో ఒకదాని వాల్యూమ్ సున్నా చేసి, రెండోది పూర్తిగా తెరిచి, వాటి మధ్య మార్చే మీటను తాళానికి టకటకా ఆడిస్తే శబ్దం తెగి తెగి పడుతుంది, డీజే రికార్డు గీకినట్టు. కాలి కింద వామీ పెడల్ నొక్కితే స్వరం రెండు స్థాయిలు పైకి ఎగురుతుంది. నైట్‌వాచ్‌మన్ గిటారుకి ఆ మీటా లేదు, ఆ పెడలూ లేదు. పైగా నైలాన్ తీగలు. ఇనుప తీగ కాదు కాబట్టి మామూలు అయస్కాంతపు పికప్‌కి అది అందదు, తీగలు ఆనే బ్రిడ్జి కింద ఆ కదలికను పట్టే పీజో ఉండాలి. కొత్త తీగ వేస్తే రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటుంది, పాటపాటకీ శ్రుతి చూసుకోవాల్సిందే. పాటగాడి వైపు తిప్పిన మానిటర్ స్పీకరు గిటారు పొట్టకి మరీ దగ్గరైతే గుయ్యిమని హోరు. మాట తడబడితే కప్పిపుచ్చడానికి వెనక డ్రమ్ములుండవు.

2011 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల సంఘాలు జీతాలకు బేరమాడే హక్కు మీద గవర్నరు కత్తెర పెట్టినప్పుడు ఆ చలిలో దాని రాజధాని మాడిసన్ వెళ్లి పాడింది ఈ అవతారంలోనే. వాళ్లమ్మ ప్రభుత్వ బడి పంతులమ్మ. ఇది వ్యాసంలో లేదు. పత్రికలూ చానళ్లూ నాలుగు కంపెనీల చేతుల్లోకి పోతున్నాయని గోలపెడుతూ 2003లో పాటగాళ్లు బిల్లీ బ్రాగ్, స్టీవ్ ఎర్ల్‌లతో కలిసి ఊరూరా తిరిగిన సంగతీ లేదు. చోటు చాలలేదేమో.

మిమ్మల్నొక్కరినే అని ఏం లాభం? సర్కారు ఉత్సవాలు చూడండి. తక్కువ టెండరు వేసినవాడికి సౌండు, వాడు పెళ్లి డీజేకి పెంచిన బేసు దించకుండానే పాటగాళ్లని ఎక్కిస్తాడు. గొంతు మైకులో 100 హెర్ట్జ్ కింది బేసుని కోసేయడం మిక్సరు మీద ఒక్క బొత్తాం పని. అది నొక్కే నాథుడుండడు. డప్పు దడ గొంతు మైకులోకి పారి చరణం మొత్తం మింగేస్తుంది. ముందు వరుస అధికారులు మాత్రం తలలూపుతుంటారు. మాట వినబడకపోవడమే వాళ్లకి హాయేమో! రాత్రి 10 దాటితే మైకు కట్టేయాలన్న నిబంధన పాటల సభకి నిమిషాలతో సహా గుర్తుంటుంది, వీధిలో ఊరేగే డీజే బండికి మాత్రం గడియారం ఉండదు.

సవరణ వేస్తే ఫొటో కూడా మార్చండి. 'అకూస్టిక్ గిటారుతో మొరెల్లో' అని కింద రాశారు. ఫొటోలో ఉన్నది 'ఆర్మ్ ద హోమ్‌లెస్' అని రాసి, నీటిగుర్రాల బొమ్మలు వేసిన ఎలక్ట్రిక్ గిటారు. దానికి గుచ్చిన వైరు కూడా కనబడుతూనే ఉంది.

— ఒక పాఠకుడు, వరంగల్