ఉపాయాన్ని మోసం అని రాయకండి

సంపాదకులకు నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో పంచతంత్రం నుంచి సింహం, కుందేలు కథ వేశారు. బొమ్మ ఎంత బాగుందంటే మా మనవరాలు కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకుంది. కానీ చివర్లో 'కుందేలు సింహాన్ని మోసం చేసింది' అని రాశారు, అది చదివి ఆ పిల్ల 'జేజినాయనా, అయితే తప్పు కుందేలుదేనా?' అని అడిగింది. నాకు చాలా బాధేసింది.

ఆ కథల్లో అలాంటి పనికి వాడే మాట ఉపాయం. దమనకుడనే నక్క ముందు కాకి కథ చెప్తుంది, పిల్లల్ని తినేస్తున్న తాచుపాము తొర్రలోకి బంగారు గొలుసు పడేసి రాజభటుల చేతనే దాన్ని చంపించిన కాకి కథ. ఉపాయంతో అయ్యే పని పరాక్రమంతో కాదు అని చెప్పేది అక్కడే, కుందేలు కథ దాని వెనకాలే వస్తుంది. సామ దాన భేద దండాలు నాలుగింటినీ కలిపి చతురుపాయాలు అంటాం కదా, అంటే దండం కూడా ఉపాయమే! ఇంత పెద్ద మాటను మోసం అనే ఒక్క మూలకు నెట్టేస్తే ఎట్లా?

అట్లాగని ఉపాయం అన్నదల్లా మంచిదని ఆ కథలు చెప్పవు, నాకు బాగా నచ్చేది అదే. ఇంకో కథలో పాపబుద్ధి అనేవాడు తను కాజేసిన డబ్బు స్నేహితుడు ధర్మబుద్ధి మీదికి నెట్టడానికి, చెట్టు దేవతలా సాక్ష్యం చెప్పమని కన్నతండ్రినే జమ్మిచెట్టు తొర్రలో దాక్కోమంటాడు. అప్పుడు ఆ ముసలాయన కొంగ కథ చెప్తాడు. పాము బాధ పడలేక కొంగ ఎండ్రకాయను సలహా అడిగితే, అది ముంగిస బొరియ నుంచి పాము తొర్ర దాకా చేపముక్కలు చల్లమంటుంది. ముంగిస వచ్చి పామును తిన్నది, తర్వాత అదే చెట్టు మీది కొంగల్నీ తిన్నది. కొంగలంటే ఎండ్రకాయకు ముందే పగ, తెలిసే చెప్పింది. ఉపాయం ఆలోచించేవాడు అపాయం కూడా ఆలోచించాలి అని తండ్రి ఎంత చెప్పినా కొడుకు వినలేదు, చివరికి ధర్మబుద్ధి తొర్రకు నిప్పు పెడితే సగం కాలి బయటపడింది ఆ తండ్రే. ఉపాయం, అపాయం రెండింటిలో ఉన్నది ఒకే ధాతువు, ముందు ఉపసర్గ మాత్రమే మారింది, ఉప అంటే దగ్గరికి, అప అంటే దూరంగా.

మా జేజి నీళ్ల బాన నా నెత్తి మీద నుంచి దించేటప్పుడు రెండు చేతులూ అంచు కింద పెట్టి 'ఉపాయంగా వంగు నాయనా' అనేది. ఆ మాటలో మోసం ఎక్కడుంది?

కుందేలు కథ దగ్గర సవరణ వేయండి. వీలైతే వచ్చే ఆదివారం కొంగ, ముంగిస కథ వేయండి, ఎండ్రకాయను మాత్రం తీసేయొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పంతులు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా