మంత్రి గారూ, మార్గదర్శి పక్కన ఒక తోడును కూడా నిలబెట్టండి

గౌరవనీయులైన సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), ప్రవాసాంధ్రుల సాధికారత శాఖల మంత్రి గారికి నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట. కలిగిరి పొగాకు వేలం కేంద్రానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. నేను 2003లో పొదుపు సంఘంలో చేరాను. ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్యకు రెండుసార్లు అధ్యక్షురాలిగా పనిచేశాను. ఇప్పుడు ఆ పదవి లేదు కానీ ప్రతి నెలా మీటింగుకు వెళ్తాను. ఈ ఉత్తరం పీ4 గురించి, అంటే ఉన్నవాళ్లు పేద కుటుంబాలకు తోడ్పడాలని మన రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం గురించి. తప్పులు ఎంచడానికి రాయడం లేదు. అది బాగా జరగాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే నాకు తెలిసింది మీకు చెప్పాలనిపించింది.

2025 ఉగాది రోజున ముఖ్యమంత్రి గారు ఈ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మా సంఘం వాళ్లం కొందరం ఒకే ఇంట్లో కూర్చుని టీవీలో చూశాం. పైనున్న పది శాతం మంది అట్టడుగున ఉన్న ఇరవై శాతం మందికి చేయి అందించాలన్నారు. చేయి అందించేవాళ్లు మార్గదర్శులు, అందుకునేవాళ్లు బంగారు కుటుంబాలు. ఆ ఆగస్టు 15 కల్లా 15 లక్షల కుటుంబాలను దత్తత ఇప్పించాలని లక్ష్యం పెట్టారు. డబ్బే ఇవ్వక్కర్లేదు, సలహా ఇవ్వొచ్చు, దారి చూపించొచ్చు అన్నారు. ఆ మాట మాకు బాగా నచ్చింది. మేం ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని అదే.

తర్వాత మా ఊళ్లో ఒక కుటుంబానికి మార్గదర్శి దొరికాడు. మా వైపు నుంచే వెళ్లి అమెరికాలో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి. మనసున్నవాడు, అందులో అనుమానం లేదు. ఒక రోజు ఫోన్ చేశాడు. ఆమె ఫోన్‌లో రీచార్జ్ అయిపోయి ఉంటే పక్కింటి ఫోన్‌లో మాట్లాడించారు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. "అమ్మా, మీకేం కావాలి?" అని అడిగాడు. ఆమె "మీ దయ సార్" అంది. ఏం కావాలో చెప్పమ్మా అని మళ్లీ అడిగాడు. "మీరు చల్లగా ఉండాలి సార్" అంది. అంతే, ఫోన్ అయిపోయింది.

ఆ రాత్రి నేను వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చున్నాను. గంటసేపు ఏవేవో మాట్లాడాక అసలు విషయం బయటికి వచ్చింది. వారం వడ్డీకి తెచ్చిన అప్పు ఉంది. తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఆ అప్పు కోసమే బడి మానేసి బెంగళూరులో హోటల్ పనికి పోయాడు. ఈ మాట పదిమందిలో ఎలా చెబుతుంది? ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్‌లో ఎలా చెబుతుంది? ఆ అబ్బాయి మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆమె పక్కన నేను కూర్చున్నాను. విషయం అతనికి నేను చెప్పాను. వడ్డీ వ్యాపారి దగ్గరికి మా సమాఖ్య వాళ్లం నలుగురం వెళ్లి లెక్క తేల్చాం. సంఘం నుంచి కొంత, ఆ అబ్బాయి నుంచి కొంత కలిపి అప్పు తీర్చాం. పిల్లవాడు తిరిగి వచ్చాడు. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. ఆ అబ్బాయి డబ్బు లేకపోతే ఈ పని జరిగేది కాదు. అరుగు మీద ఆ గంట కూర్చోకపోయినా జరిగేది కాదు.

మంత్రి గారూ, నేను చెప్పదలుచుకున్నది ఇదే. ప్రతి మార్గదర్శికీ ఊళ్లో ఒక తోడు ఉండాలి. ఆ తోడు గ్రామ సమాఖ్య నుంచి రావాలి. మార్గదర్శి పేరు ఉన్నచోట ఆ తోడు పేరు కూడా కనిపించాలి.

పేదరికం అంటే చాలామంది డబ్బు లేకపోవడమే అనుకుంటారు. మేం చూసింది వేరు. కొన్నేళ్ల కిందట మా ఊరి మేస్త్రీ కూలి ఒకాయన చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్లి అక్కడే చనిపోయాడు. మనిషి ఎక్కడ చనిపోతే మరణ ధ్రువపత్రం అక్కడే ఇస్తారు. ఆ కాగితం లేకపోతే భార్యకు వితంతు పింఛను లేదు, బీమా లేదు. ఇక్కడ ఆఫీసులో అడిగితే చెన్నై వెళ్లమన్నారు. ఆమె అంతకుముందు రైలు ఎక్కింది లేదు, తమిళం రాదు, చంకలో ఏడాది పిల్ల. మా సమాఖ్య నుంచి ఇద్దరం ఆమెతో బయల్దేరాం. మా ఊరి రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగి ఒకాయనకు తమిళం వచ్చు, ఆయన కూడా వచ్చారు. కావలిలో పినాకిని ఎక్కి చెన్నై చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ రోజు పని కాలేదు. రెండోసారి వెళ్తే అయింది. చార్జీలు సమాఖ్య డబ్బుల్లోంచి పెట్టాం, మాస్టారు గారు తన చార్జీ తనే పెట్టుకున్నారు (పోస్టాఫీసులో చేసినా ఊళ్లో అందరూ ఆయన్ని మాస్టారనే పిలుస్తారు). ఇప్పుడు ఆమెకు నెలకు 4000 రూపాయల పింఛను వస్తోంది. రెండు రైలు ప్రయాణాలతో ఆ ఇంటికి ఒక ఆధారం దొరికింది. దాతలు ఎవరైనా ఇంతకంటే ఎక్కువ ఇచ్చి ఉండొచ్చు, కానీ చెన్నై వెళ్లే మనిషి మాత్రం ఊళ్లోనే ఉండాలి కదా.

దీనికి ఎదురు అనుభవం కూడా ఉంది. వెనుక ఒక పథకంలో మా ఊళ్లో ఒక కుటుంబానికి గేదెను ఇప్పించాం. ఆ ఇప్పించడంలో నేనూ ఉన్నాను. మంచి గేదె. కానీ మా మెట్టలో ఎండాకాలం పచ్చిగడ్డి ఎక్కడ దొరుకుతుంది? ఆమెకు సెంటు భూమి లేదు. పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే గదుల) దగ్గర కూలికి పోతే గేదెను చూసేవాళ్లు లేరు, గేదె దగ్గర ఉంటే కూలి లేదు. నాలుగు నెలలు కాకముందే సగం ధరకు అమ్మేసింది. అందరూ ఆమెను నిందించారు. ఇచ్చిన రోజు ఫొటో దిగిన మేం, తర్వాత ఒక్కసారి వెళ్లి మేత ఉందా అని అడిగామా? అడగలేదు. ఆ తప్పు నాది కూడా. ఇప్పటికీ ఆమె ఎదురైతే నాకు తల ఎత్తబుద్ధి కాదు.

గేదె వచ్చిన తర్వాత పాలు అమ్మి డబ్బు చేతికి వచ్చేదాకా ఉండే ఆ మధ్య కాలమే పేదవాళ్లను ముంచేది. ఈ సంగతి బీహార్ వాళ్లు బాగా పట్టుకున్నారు. 2016లో అక్కడ మద్యపాన నిషేధం వచ్చింది. సారా, కల్లు మీద బతికే కుటుంబాలు వీధిన పడ్డాయి. వాళ్ల కోసం, ఇంకా నిరుపేదల కోసం 2018లో సతత్ జీవికోపార్జన్ యోజన అని మొదలుపెట్టారు. ఆ కుటుంబాలను గుర్తించేది జీవికా (మన పొదుపు సంఘాల్లాంటివే, బీహార్‌వి) మహిళల గ్రామ సమాఖ్యే. మేకలో, చిన్న కొట్టుకు సరుకో కొనిచ్చేది కూడా సమాఖ్యే. మొదటి ఏడు నెలలు ఆ కుటుంబానికి నెలకు 1000 రూపాయలు ఇస్తారు, తెచ్చుకున్న మేకను అమ్ముకోకుండా ఉండటానికి. ఊరి మహిళే ఒకామె శిక్షణ తీసుకుని క్రమం తప్పకుండా ఆ ఇంటికి వెళ్తుంది. లెక్కలు రాయడం నేర్పుతుంది, పొదుపు చేయిస్తుంది, రేషన్ కార్డు వచ్చిందో లేదో చూస్తుంది. ఇలా రెండేళ్లు. లక్షకు పైగా కుటుంబాలకు ఇది అందింది.

ఆ జీవికా సంఘాలు పెట్టడం నేర్పింది ఎవరనుకున్నారు? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మన సంఘాల మహిళలే. సీఆర్పీలుగా (తమ అనుభవంతో ఇతరులకు నేర్పే సంఘ సభ్యులుగా) నెలల తరబడి బీహార్ పల్లెల్లో ఉండి, వచ్చీరాని హిందీలో, తమ జీవితాలే కథలుగా చెప్పి అక్కడ సంఘాలు కట్టారు. అలా వెళ్లొచ్చిన ఒక అక్కను నేను శిక్షణలో కలిశాను. "అక్కడి ఆడవాళ్లు మన మాట కంటే మన చేతుల్ని ఎక్కువ చూశారు, కూలి చేసిన చేతులు కదా, నమ్మారు" అంది. మనం నేర్పినవాళ్లు మనకంటే ముందుకు వెళ్లారు. సంతోషమే. వాళ్ల దగ్గర్నుంచి మనమూ నేర్చుకుందాం.

కేరళ కూడా ఇదే దారిలో వెళ్లింది. 2021 నుంచి వార్డుల్లో జనంతో కూర్చుని 64,006 అతి పేద కుటుంబాలను గుర్తించింది. ప్రతి కుటుంబానికీ విడిగా ప్రణాళిక రాసింది. 2025 నవంబర్ 1న అతి పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకుంది. ఆ ప్రకటన మీద అక్కడే వాదనలు నడిచాయి. అవి నేను తేల్చలేను. కానీ ఇంటింటికీ ఒక ప్రణాళిక, ఆ పనిలో కుటుంబశ్రీ (అక్కడి మహిళా సంఘాలు) మహిళలు భాగం కావడం మాత్రం మనం తీసుకోదగిన సంగతి.

మన దగ్గర ఆ మహిళలు లేకపోతే నేను ఇంత ధైర్యంగా అడిగేదాన్ని కాదు. మా కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. 1992లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు రోశమ్మ గారి వెంట లేచి సారా దుకాణాన్ని ఊరి నుంచి తరిమేశారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. సారాకు పోయే డబ్బు మిగిలింది కదా అని రోజుకో రూపాయి దాచడం మొదలైంది. పొదుపులక్ష్మి అలా పుట్టింది మా జిల్లాలో. ఆ రోజుల్లో ఎవరికీ జీతం లేదు. మా అమ్మ కూడా ఆ ఊరేగింపులకు నడిచి వెళ్లేది. మా సంఘంలో ఇప్పటికీ పిడికెడు బియ్యం తీస్తాం. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు పక్కన పెడతాం. మీటింగు రోజు అందరివీ ఒక డబ్బాలో పోస్తే, ఆ నెల ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి వెళ్తాయి. ఎవరికి ఇచ్చామో పుస్తకంలో రాయం.

స్వచ్ఛంద సేవ అంటే మాకు తెలిసింది ఇది. 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ వచ్చినప్పుడు యాభై ఇళ్లకు ఒకరు చొప్పున గుమ్మం దగ్గరికి వచ్చారు. దాని మీద రాజకీయంగా ఎవరి మాట వారిది, నేను అందులోకి పోను. నేను చూసింది ఒక్కటే. తన గుమ్మం దగ్గరికి వచ్చి పేరు పెట్టి పలకరించే మనిషి ఉంటే ముసలివాళ్ల ముఖం విప్పారుతుంది. ఆ పలకరింపు ప్రభుత్వం మారినా ఆగకూడదంటే అది ఊరి సంఘం చేతిలో ఉండాలి. సంఘంలో అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. అప్పు తీర్చే రోజు పార్టీ గుర్తుకు రాదు.

జాబితా గురించి ఒక మాట. మా ఊరి చెరువు కట్ట మీద ఆరు యానాది గిరిజన కుటుంబాలు ఉన్నాయి. ఆధార్ కొందరికే ఉంది, ఇంటి నంబర్ ఎవరికీ లేదు. చేపలు పట్టుకుంటూ, కాపలా పనులు చేస్తూ ఒక చోట కొన్ని నెలలు, ఇంకో చోట కొన్ని నెలలు ఉంటారు. సర్వేకి వచ్చిన రోజు వాళ్లు అక్కడ లేరు. కాబట్టి బంగారు కుటుంబాల్లోనూ లేరు. మా ఊళ్లో వాళ్లకంటే పేదవాళ్లు ఎవరున్నారు? జాబితాను గ్రామసభలో పైకి చదవమనండి. ఎవరు మిగిలిపోయారో చెప్పడానికి సమాఖ్యకు రాతపూర్వకంగా హక్కు ఇవ్వండి. ఆధార్ లేదన్న కారణంతో ఏ కుటుంబాన్నీ పక్కన పెట్టొద్దని ఆదేశం ఇవ్వండి. ముందు చేర్చుకుని, ఆధార్ ఇప్పించడాన్నే ఆ కుటుంబానికి మొదటి పనిగా పెట్టండి.

ఇంకొకటి, ఫొటోలు. శాలువా కప్పి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి, పేరు రాసి ఫొటోలు తీయడం ఆపించండి. మా ఊరి ఒక ఆడపిల్లను బడిలో తోటి పిల్లలు "బంగారు కుటుంబం" అని పిలుస్తున్నారట. ఆ పిల్ల రెండు రోజులు బడికి పోలేదు. అంత మంచి పేరు ఒక పసిపిల్లకు వెక్కిరింత కాకూడదు. మార్గదర్శికి తృప్తి కావాలంటే ఆరు నెలలకోసారి ఆ కుటుంబం స్వయంగా రాయించిన ఉత్తరం పంపిద్దాం.

ఖర్చు ఎక్కువేమీ కాదు. తోడుగా ఉండే మహిళకు జీతం అడగడం లేదు. కానీ మండలానికీ జిల్లాకూ తిరిగే బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి డబ్బు ఆమె సొంతంగా పెట్టుకోకూడదు. కూలి చేసుకునే మనిషి చేసే సేవకు ఆమె పిల్లలు పస్తులుండకూడదు కదా. మార్గదర్శులు ఇచ్చేదాంట్లో చిన్న భాగం గ్రామ సమాఖ్య ఖాతాలో ఉంచి, లెక్క మీటింగులో చదివితే సరిపోతుంది. రూపాయి రూపాయికి లెక్క చెప్పడం మాకు అలవాటే.

మార్గదర్శులకు కూడా ఒక విన్నపం పంపండి, ముఖ్యంగా విదేశాల్లో ఉన్నవాళ్లకు. ఒక కుటుంబాన్ని తీసుకుంటే కనీసం రెండేళ్లు వదలొద్దని చెప్పండి. పది కుటుంబాలను తీసుకుని ఒక్కసారి డబ్బు పంపేదాని కంటే, ఒక్క కుటుంబంతో నెలకోసారి మాట్లాడటం మాకు ఎక్కువ ఉపయోగం. ప్రవాసాంధ్రుల శాఖా మీదే, సెర్ప్ శాఖా మీదే. ఆ అబ్బాయినీ నన్నూ కలపగలిగే చోట ఇప్పుడు మీరే ఉన్నారు.

ఎన్ని కుటుంబాలను దత్తత ఇచ్చారని కాకుండా, దత్తత ఇచ్చిన కుటుంబాల ఇంటికి గత నెలలో ఎవరైనా వెళ్లారా అని అధికారులను అడగండి. ఒకటి రెండు సమీక్షల్లో అడిగితే చాలు, కింద పని మారిపోతుంది.

మా సమాఖ్య మీటింగు ప్రతి నెలా 5వ తేదీ, పొలం పనులు అయ్యాక, సాయంత్రం ఐదింటికి. మీరు ఈ వైపు వచ్చినప్పుడు ఒకసారి రండి. స్టేజీ వేయం, దండలు వేయం, చాప మీద మా మధ్యే కూర్చోండి. చెరువు కట్ట మీది ఆరు కుటుంబాల వాళ్లను కూడా పిలుస్తాం. వాళ్లు మొదట మాట్లాడరు. కాసేపు ఆగితే మాట్లాడతారు.

ఇట్లు,
పొదుపు సంఘం సభ్యురాలు, గ్రామ సమాఖ్య మాజీ అధ్యక్షురాలు,
కలిగిరి మండలం, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా