బుక్కరాయసముద్రం కట్ట మీద ఆగిన పెద్దాయనకు

మా నాయన యెజ్డీ రోడ్‌కింగ్ బైకును ఇంటి వసారాలో ఎనిమిది నెలలు విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. దాన్ని తయారు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది, స్పేర్ల కోసం పడ్డ తిప్పలు చెబితే తెల్లారుతుంది, వదిలేద్దాం.

మొన్న ఆదివారం మొదటిసారి రోడ్డెక్కిస్తే, అనంతపురం దాటి చెరువు కట్ట మీదికి రాగానే ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. చల్లారితే స్టార్టవుతుంది, కొంచెం దూరం పోగానే మళ్లీ అంతే. నేనేమో కార్బ్యురేటర్‌ను తిట్టుకుంటున్నాను.

మీరు మోపెడ్ మీద ముందుకు పోయి, మళ్లీ వెనక్కి తిప్పుకొని వచ్చారు. "కండెన్సర్ పోయినట్టుందప్పా" అన్నారు, బండిని ముట్టుకోకుండానే. కవర్ విప్పించి, నాతో కిక్ కొట్టించి, స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే పాయింట్ల దగ్గర, కండెన్సర్ ఆపాల్సిన మెరుపులు చిమ్ముతుంటే చూపించారు. మీ టిఫిన్ డబ్బాలో నట్లు, బోల్టుల మధ్య గుడ్డలో చుట్టిన పాత కండెన్సర్ ఒకటి ఉంది. అది తగిలించి, పాయింట్లను ఎమెరీ పేపర్‌తో రుద్ది, చేతులు కట్టుకొని నిలబడ్డారు.

"మీ నాయన బండి గదప్పా, నువ్వే తన్ను."

రెండో కిక్కుకే రెండు సైలెన్సర్లూ పలికాయి. ఈ బండికి కిక్ రాడ్డే గేర్ రాడ్డు. సంబరంలో దాన్ని గేర్ కోసం ముందుకు తిప్పడం మరిచిపోతే, ఆ వయసులో మీరే వంగి తిప్పారు.

డబ్బులిస్తే నా చేయి వెనక్కి నెట్టారు. క్లాక్ టవర్ దాకా నా వెనకే వచ్చి, ఒక్క హారన్ కొట్టి పక్క సందులోకి తిరిగిపోయారు. పేరు అడగకపోవడం నా తప్పే. మీ కండెన్సర్ ఇంకా బండిలోనే ఉంది, పెద్దాయనా.